1,400 రూపాయల మైక్రోస్కోపు: ఉల్లిపొర కనపడింది, 1200 రెట్లు మాత్రం ఉత్తదే

అందరికీ నమస్తే. కోవూరు నుంచి మీ బయాలజీ పిన్ని. ఈ పేరు నేను పెట్టుకున్నది కాదు, మా అక్క కూతురు పెట్టింది. అది తొమ్మిదో తరగతి. కెమెరా పట్టుకున్నది కూడా అదే. చెయ్యి వణికితే దాన్ని తిట్టండి, నన్ను కాదు.

ఈ వీడియో నిన్నే రావాల్సింది. సెల్లుతో సెల్లు తీద్దామని కూర్చుంటే సెల్లు అయిపోయింది. అర్థం కాలేదా? ఫోనుతో ఉల్లిపాయ కణాన్ని తీద్దామనుకుంటే మైక్రోస్కోపు లైట్లో బ్యాటరీలు చచ్చిపోయినాయి. మనం మూడింటినీ సెల్లనే అంటాం గదా, మా అమ్మకి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇదిగో, ఇదీ సరుకు. ఆన్‌లైన్లో 1,400 పడింది. కంపెనీ పేరు చెప్పను, లింకు కూడా అడగొద్దు. కొంచెం దగ్గరికి తే అమ్మాయ్. ఒళ్లంతా ప్లాస్టిక్. పక్కనున్న ఈ మర తిప్పితే గొట్టం పైకీ కిందకీ కదలాలి. కదుల్తది, కాదనను. కానీ చెయ్యి తీస్తే దానంతట అదే మెల్లగా దిగజారతా ఉంటది. మొదటిరోజు అట్టాగే దిగి, స్లైడు మీద, అంటే చూసే వస్తువుని పెట్టే పలక మీద కప్పే పల్చటి గాజుబిళ్ల, అదే కవర్ స్లిప్, దాని మీద కూర్చుంది. పుటుక్కుమంది. ఇప్పుడు మర చుట్టూ రబ్బరు బ్యాండు బిగించి పెట్టా, కాస్త నిలబడింది. కొత్త వస్తువుకి ఇంటికి రాగానే వైద్యం చెయ్యాల్సి రావడం ఏందో.

డబ్బా మీద ఏం రాశారో చూడండి. 100, 400, 1200. ఈ 1200ని నమ్మి కొన్నోళ్లే ఎక్కువ. నేనూ నమ్మా. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని ఫ్లెక్సీ కొట్టిస్తే ఎట్టుంటది? సైజు పెరుగుద్ది, మొహం కనపడదు. ఇదీ అంతే. కాలేజీ ల్యాబులో ఉండే మంచి మైక్రోస్కోపుకి కూడా 1000 రెట్లు చూడాలంటే స్లైడుకీ లెన్సుకీ మధ్య నూనె చుక్క వెయ్యాలి. ఎంత మంచి లెన్సయినా సరే, మామూలు వెలుతురుతో చూసేటప్పుడు సుమారు 0.2 మైక్రోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని రెండుగా చూపించలేదు. మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ ప్లాస్టిక్ బొమ్మ ఆ అంచుకి కూడా పోలేదు. 1200లో పెట్టి చూస్తే సంక్రాంతి పొద్దున పెన్నా బ్రిడ్జి మీద మంచు లాగుంది. కాబట్టి 1200 మర్చిపోండి. 400 ఓపికుంటే పనికొస్తది. 100 మాత్రం బాగుంది, నిజంగా బాగుంది.

ఉల్లిపాయ చూద్దాం. లోపలి రేకు విరిస్తే లోపలి వైపు పల్చటి పొర వస్తది, దాన్ని నీళ్లలోనే పరచాలి. ఆరితే ముడుచుకుపోద్ది. పైన అయోడిన్ చుక్క, మెడికల్ షాపులో దొరుకుద్ది. కవర్ స్లిప్‌ని పై నుంచి పడెయ్యొద్దు, ఒక అంచు ముందు ఆనించి ఏటవాలుగా దించండి. లేకపోతే గాలి బుడగలు వస్తాయి. మా అమ్మాయి మొదట చూసి "పిన్నీ, కణం దొరికింది, గుండ్రంగా, అంచు నల్లగా ఉంది" అని గంతులేసింది. అది గాలి బుడగ. అసలు కణాలు ఇవిగో, ఇటుకలు పేర్చిన గోడ లాగా. ఒక్కోదాంట్లో గోధుమరంగు చుక్క కేంద్రకం. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో ఈ గదుల్నే చూసి సెల్ అని పేరు పెట్టాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలు, లోపల ఏమీ లేదు. కేంద్రకానికి పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్, 1831లో.

అప్పుడు ఈ పిల్ల అడిగిన ప్రశ్న వినండి. "పిన్నీ, మైటోకాండ్రియా యాడ?" కణానికి శక్తి తయారుచేసే భాగాలవి. క్లాసులో చార్టు మీద అన్నీ ఉంటాయి గదా, ఎర్రగా ఒకటి, పచ్చగా ఒకటి, ఫంక్షన్ హాల్లో విస్తరి వడ్డించినట్టు. అవన్నీ ఇందులో కనపడతాయని పిల్లలు ఆశ పెట్టుకుంటారు. కనపడవు. మైటోకాండ్రియా వెడల్పు ఒక మైక్రోమీటరు లోపే ఉంటది, దానికి వేరే రంగు అద్దాలి, వేరే మైక్రోస్కోపు కావాలి. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గరికే పోవాలి. మైటోకాండ్రియాలో ఎక్కువగా తయారయ్యే, కణం పనులకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో కండరంలో కనిపెట్టినోళ్లలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఆయన కూడా దాన్ని కంటితో చూడలేదు, రసాయన పరీక్షలతో పట్టుకున్నారు. చార్టు తప్పని కాదు నేననేది. అది చాలామంది చాలా ఏళ్లు చూసిందంతా ఒకచోట గీసిన బొమ్మ. మీరు ఒక్క పూటలో చూసేది అది కాదు.

బుగ్గ కణాలు త్వరగా చెప్పేస్తా. నోరు పుక్కిలించి, టూత్‌పిక్ మొద్దు వైపుతో బుగ్గ లోపల మెల్లగా గీకి స్లైడు మీద రాయండి. రంగుకి మిథిలీన్ బ్లూ, అక్వేరియం చేపలమ్మే షాపులో దొరికింది నాకు. పల్చటి అట్టు మధ్యలో నీలం బొట్టు పెట్టినట్టు కనపడతాయి. అంచులు వంకరటింకర, కొన్ని మడత పడి ఉంటాయి. ఉల్లికణానికున్నట్టు గోడ లేదు మరి. ఆ గోడ లేకపోవడమే ఇప్పుడు చెప్పబోయేదానికి అసలు కీలకం.

ఈ మైక్రోస్కోపు డబ్బులు నాకు ఇక్కడ గిట్టినాయి. రియో మొక్క తెలుసుగా, కుండీల్లో పెంచుతారు, ఆకు పైన పచ్చగా, కింద ఊదారంగులో ఉంటది. ఆ ఊదా వైపు పొర కొంచెం లాగి నీళ్లలో పెట్టి చూడండి. కణాలన్నీ నిండుగా ఊదారంగు. ఆ రంగు రిక్తికలో, అంటే కణం లోపలి నీళ్ల సంచిలో ఉండే రసంది. ఇప్పుడు సగం గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు కలిపి, ఒక చుక్క కవర్ స్లిప్ అంచున వెయ్యండి. అవతలి అంచున టిష్యూ పేపరు ఆనిస్తే ఉప్పునీళ్లు కిందగా లాగేసుకుంటాయి. కన్ను తియ్యొద్దు. ఒక నిమిషం ఏమీ కాదు. తర్వాత ఊదారంగు మూలల నుంచి వదిలి లోపలికి ముడుచుకోవడం మొదలుపెడతది. గోడ యాడిదాడే ఉంది, లోపలి పొర మాత్రం దాన్నొదిలి గుండ్రంగా అయిపోయింది. చూడండి, చూడండి, అదిగో ఆ మూల కణం!

మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినోళ్లకి ఇది కొత్తేం కాదు. మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేస్తే మూడో రోజుకి ఊట వస్తది. మనం నీళ్లు పొయ్యలేదు. ఆ ఊట ముక్కలోదే, కణాల్లో నుంచి ఉప్పు వైపుకి వచ్చేసింది. ద్రవాభిసరణ అని పరీక్షలో రాసేది మా అమ్మమ్మ జాడీలో ఊటనే. ఇప్పుడు స్లైడు మీద మళ్లీ మంచినీళ్లు పోస్తే ఊదారంగు తిరిగి నిండుద్ది. ఆకును ముందే ఉడకబెట్టి చూస్తే మాత్రం ఈ ఆట ఆడదు. కణం చచ్చిపోయాక ఆ పొర దేన్నీ ఆపలేదు.

మరి అదే మంచినీళ్లలో మన ఎర్ర రక్తకణాన్ని వేస్తే? ఉల్లికణానికి గోడుంది కాబట్టి ఉబ్బి బిర్రుగా నిలబడుద్ది. రక్తకణానికి గోడ లేదు, ఉబ్బి పగిలిపోద్ది. అందుకే ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్లో రక్తానికి సరిపోయేట్టు లీటరుకి 9 గ్రాముల ఉప్పుంటది. నీరసంగా ఉందని సెలైన్ పెట్టించుకునే వాళ్లున్నారు గానీ, ఆ ఉప్పు లెక్క ఎందుకని అడిగినోళ్లు తక్కువ. మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్లు వడకట్టి, లీటరున్నర వరకే బయటికి వదులుతాయి. మిగతా నీళ్లని వెనక్కి లాగేది కూడా ఈ ఊట లెక్కే.

మా బావకి విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. "దీంతో వైట్ స్పాట్ ముందే కనపడుద్దా?" అన్నాడు, రొయ్యలకొచ్చే తెల్లమచ్చల జబ్బు గురించి. కనపడదు బావా, అది వైరస్, దానికి వైరస్ జన్యుపదార్థాన్ని పట్టుకునే పీసీఆర్ పరీక్షే దిక్కు. గుంట నీళ్ల చుక్కలో పచ్చటి నాచు, ఈదే చిన్న చిన్న పురుగులు మాత్రం 100లో బ్రహ్మాండంగా కనపడినాయి. ఆయన ముక్కు చిట్లించి పోయాడు.

ఒక జాగ్రత్త. కింద అద్దం ఉన్న మోడల్ కొంటే ఎండలో సూర్యుడి వైపు తిప్పొద్దు, కన్ను పోతది. కిటికీ వెలుతురు చాలు. డబ్బాలో ఇచ్చిన స్లైడ్లు ప్లాస్టిక్‌వి, గాజువి వేరే కొనుక్కోండి. ఇంట్లో ఎనిమిది నుంచి పది చదివే పిల్లలుంటే, రబ్బరు బ్యాండు చుట్టే ఓపిక మీకుంటే కొనండి. ఇంటర్ బైపీసీ వాళ్లకి వద్దు, ఇంకాస్త పోగేసి లోహపు బాడీది తీసుకోండి.

ఆగండి, కెమెరా కిందకి దించమ్మా. ఈ నల్లమచ్చ చూశారా? అయోడిన్ ఒలికింది. మా అమ్మ కాటన్ చీర మీద. గంజి పెట్టిన చీర కాబట్టి గోధుమరంగు కాకుండా నీలి నలుపు వచ్చింది, గంజిలో ఉండేది పిండిపదార్థమే గదా. ఈ పిల్లేమంటదో తెలుసా? "పిన్నీ, ఉమ్మేద్దామా? లాలాజలంలో ఎమైలేజ్ ఉంటది, పిండిపదార్థాన్ని విడగొట్టేస్తది." చదివింది చదివినట్టే ఉంది, ఆలోచన కూడా తప్పు కాదు. కానీ అమ్మ చీర మీద ఉమ్మే ధైర్యం నాకు లేదు. సి విటమిన్ మాత్ర నీళ్లలో కరిగించి రుద్దుతున్నా, మెల్లగా తెల్లబడతా ఉంది. అదిగో మెట్ల మీద అడుగులు. కెమెరా ఆపెయ్, ఆపెయ్!