రెండు కత్తులు, మూడు అడుగులు: క్రబి క్రబోంగ్ మొదటి పాఠం

హాయ్ అండీ. ఆడియో వస్తోందా? ఆ, వస్తోంది.

ఇవాళ క్రబి క్రబోంగ్. థాయిలాండ్ వాళ్ల ఆయుధ విద్య. క్రబి అంటే కత్తి, క్రబోంగ్ అంటే పొడుగు కర్ర. మనం చేసేది మాత్రం దాప్ సోంగ్ మూ, అంటే రెండు చేతుల్లో రెండు కత్తులు.

నిజం కత్తులు కావండీ, కంగారు పడకండి. పేము కర్రలు, ఇవిగో. గట్టి చెక్క అయితే దెబ్బకి ముక్క లేచి కంట్లో పడొచ్చు. పేముకి ఇలా పీచు లేస్తుంది, అంతే. లేచిన చోట నేను సైకిల్ హ్యాండిల్ టేపు చుట్టేస్తా. కొన్న గ్రిప్ కన్నా నాకు అదే హాయి.

ముందు వై ఖ్రూ, అంటే గురువుకి దండం. ఖ్రూ అంటే మన గురువే, మాట కూడా అదే. కూర్చుని, దండం, లేచి... అయింది. పూర్తి వై ఖ్రూ పెద్దది, దానికి వేరే వీడియో చేస్తా.

పట్టు ఇలా. కుడిది పైన, ఎడమది ముందు. చూశారుగా? పదండి.

ఇప్పుడు అడుగులు. ఇక్కడ ఆగుదాం. దీన్ని యాంగ్ సామ్ ఖుమ్ అంటారు. సామ్ అంటే మూడు. వామనుడి మూడు అడుగుల కథ ఉంది కదా, ఆ నారాయణుడి అడుగుల పేరే ఇది. వాళ్లు ఆయన్ని నరాయ్ అంటారు. మువాయ్ థాయ్‌లో, అంటే థాయ్ బాక్సింగ్‌లో కూడా ఈ మాట వింటారు.

మోకాలు పైకి. ఆగాలి. ఆగారా? అప్పుడు పక్కకి ఏటవాలుగా దించాలి. నేను మూడు వారాలు ఈ ఆగడం దగ్గరే ఇరుక్కుపోయా. కాలు లేపగానే ఒళ్లు ముందుకి తూలేది, కాలు దభీమని పడేది. ఎదుటివాడికి అంతకన్నా ఏం కావాలి? బరువు ముందుకి వెళ్లిపోయాక కాలు వెనక్కి తీయలేం. కింద ఉన్న కాలి మోకాలు చూడండి, దగ్గరికి రండి, కొంచెం వంగి ఉంది. నేను దాన్ని కర్రలా బిగించేవాణ్ణి, తప్పంతా అదే. వంచండి, బరువు దాని మీదే ఉంచండి, లేపిన కాలితో నేలని ముందు తడిమి చూడండి. నీళ్లలో దిగేటప్పుడు లోతు చూస్తాం చూడండి, అలా. నేల తగిలాకే బరువు. మళ్లీ. మోకాలు, ఆగాలి, తడమాలి, బరువు.

చేతులు? కాళ్లు కుదిరాకే. కుడి కొట్టు, ఎడమ అడ్డు, మారుస్తూ ఇలా ఇలా. కర్రసాము చేసినవాళ్లకి ఇది సులువే.

సన్నాయిలాంటి పీ, డప్పులు, తాళాలు మోగుతుంటే చేస్తారు వాళ్లు. పాట పెడుతున్నా, మొదటి నుంచి చేద్దాం. మోకాలు... ఆగండి, ఆగండి, తొందరపడ్డారు.