బిషప్ గారి జీతం పదిహేను వేలు: 'లే మిజరాబ్'లో సినిమాలు దాటేసిన భాగం

[తెర మీద: రెండు వెండి కొవ్వొత్తి స్టాండ్లు. పక్కన తెరిచి ఉన్న చిట్టాపుస్తకం.]

నమస్కారం. విక్టర్ హ్యూగో రాసిన 'లే మిజరాబ్' చదవనివాళ్లకి కూడా ఈ ఒక్క సీన్ తెలిసే ఉంటుంది. జైలు నుంచి వచ్చిన జాన్ వాల్జాన్‌కి ఒక బిషప్ భోజనం పెట్టి, పక్క వేయిస్తాడు. తెల్లారేలోపు వాల్జాన్ వెండి సామాను ఎత్తుకుని గోడ దూకేస్తాడు. పోలీసులు పట్టుకొస్తే బిషప్, "కొవ్వొత్తి స్టాండ్లు కూడా ఇచ్చాను కదండీ, అవెందుకు వదిలేసి వెళ్లారు?" అంటాడు.

సినిమాల్లో బిషప్ పని దాదాపు ఇంతే. వస్తాడు, క్షమిస్తాడు, వెళ్లిపోతాడు. అంత ఓర్పు ఎక్కడినుంచి వచ్చిందో మనకి తెలీదు. సాధువు కాబట్టి అంతేలే అనుకుంటాం.

1862లో వచ్చిన నవల మాత్రం ఆయనతోనే మొదలవుతుంది. మొదటి పద్నాలుగు అధ్యాయాలూ ఆయనవే, హీరో జాడే ఉండదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి పేజీలు తిప్పేస్తారు. నన్నడిగితే అసలు సరుకు ఇక్కడే ఉంది. ఎందుకంటే హ్యూగో ఆయన మంచితనాన్ని పొగడ్తలతో కాదు, ఇంటి పద్దులతో చూపిస్తాడు.

[తెర మీద: ఫ్రాన్స్ మ్యాప్. ఆల్ప్స్ కొండల దగ్గర దీన్య్ పట్టణం.]

బిషప్ పేరు మిరియేల్. కథలో 1815 నాటికి ఆయనకి 75 ఏళ్లు. 1805లో నిజంగానే దీన్య్‌కి బిషప్‌గా వచ్చిన మియోలిస్ అనే ఆయన్ని చూసుకుని హ్యూగో ఈ పాత్రని మలిచాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆయన, చెల్లెలు బాప్తిస్తీన్, పనిమనిషి మగ్లువార్.

వచ్చిన కొత్తలోనే ఆయన పక్కనున్న ఆసుపత్రి చూడ్డానికి వెళ్తాడు. చిన్న ఇల్లు, ఇరుకు గదులు, 26 మంది రోగులు. బిషప్ ఉండేదేమో పెద్ద భవంతి. ఆసుపత్రి డైరెక్టర్ని పిలిచి, "ఎక్కడో పొరపాటు జరిగింది. మీరు 26 మంది అయిదారు గదుల్లో ఉన్నారు. మేం ముగ్గురం, 60 మందికి సరిపడే ఇంట్లో ఉన్నాం. మా ఇంట్లో మీరు, మీ ఇంట్లో మేం ఉండాల్సింది" అంటాడు. మర్నాటికల్లా ఇళ్లు మారిపోతాయి.

ఇక జీతం. ప్రభుత్వం ఏడాదికి 15,000 ఫ్రాంకులిస్తుంది. ఆయన ఒక కాగితం మీద పద్దు రాసుకుంటాడు: ఖైదీలకింత, అనాథలకింత, జీతం చాలని బడిపంతుళ్లకింత... అన్నీ పోగా సొంత ఖర్చుకి మిగిలేది 1,000. చెల్లెలికి ఏడాదికి వచ్చే 500 కలుపుకుని ఇల్లు గడుస్తుంది.

ఒకరోజు ఇంకా ఇబ్బందిగా ఉందంటాడు. మగ్లువార్ ఊరుకుంటుందా? బండి ఖర్చుల కింద రావాల్సింది అడగమని పోరుతుంది. అడుగుతాడు. ఇంత చిన్న ఊళ్లో బిషప్‌కి బండెందుకని ఒక పెద్దమనిషి మండిపడుతూ మంత్రికి ఉత్తరం కూడా రాస్తాడు. అయినా 3,000 ఫ్రాంకులు మంజూరవుతాయి. ఇన్నాళ్లకి మన చేతికి నాలుగు డబ్బులొచ్చాయని మగ్లువార్ సంబరపడుతుంది. ఆ రాత్రే ఆయన ఇంకో పద్దు రాసి చెల్లెలి చేతికిస్తాడు. మొత్తం 3,000 దానాలకే! ఆసుపత్రి రోగుల మాంసం సూపుకే సగం, 1,500.

[తెర మీద: తోట, పూలమొక్కల మధ్య పడి ఉన్న ఖాళీ బుట్ట.]

ఇన్ని వదులుకున్న మనిషి వదులుకోలేకపోయింది ఒక్కటే, వెండి. కొన్ని కత్తులు, ఫోర్కులు, ఒక పెద్ద గరిటె. వెండితో తినడం మానుకోవడం కష్టమని ఆయనే ఒప్పుకుంటాడు. ఇది తెలిశాక ఆ దొంగతనం మరోలా కనిపిస్తుంది.

పొద్దున్నే మగ్లువార్ గాభరాగా తోటలోకి వస్తుంది. "అయ్యగారూ, వెండి సామాను బుట్ట ఎక్కడుందో తెలుసా?" "ఇదిగో" అని ఖాళీ బుట్ట అందిస్తాడు. "ఇందులో ఏం లేదు! వెండి ఏదీ?" "ఓహో, నీ బెంగ వెండి గురించా? అదెక్కడుందో నాకు తెలీదు." ఆ బుట్ట పడి విరిగిన మొక్క గురించి మాత్రం ఆయనకి దిగులు. తర్వాత మెల్లగా అంటాడు: "అసలు అది మనదా? బీదవాళ్లది. చాలాకాలంగా నేనే అన్యాయంగా అట్టేపెట్టుకున్నాను." మరి దేంతో తింటారంటే, తగరం చెంచాలు లేవా అంటాడు. తగరం వాసనొస్తుందట. ఇనుపవి? ఇనుము రుచి తగులుతుందట. "అయితే చెక్కవి" అంటాడు.

పోలీసులు రాకముందే ఇదంతా అయిపోయింది. కాబట్టి ఆయన వాల్జాన్‌ని కాపాడ్డానికి అప్పటికప్పుడు అల్లింది తక్కువే. తన దృష్టిలో ఆ లెక్క పొద్దున్నే తేలిపోయింది.

ఇంకో చిన్న విషయం. 19 ఏళ్లు శిక్ష అనుభవించిన మనిషిని రాత్రంతా ఆయన "అండీ" అనే పిలుస్తాడు. వాల్జాన్‌ ఆయన్ని ఊళ్లో మామూలు ఫాదర్ అనుకుంటాడు. బిషప్ అని తెలిసేది పోలీసుల నోటివెంటే, మర్నాడు.

[తెర మీద: పాత సినిమా పోస్టర్లు.]

తెర మీద ఈ పాత్రకి ఒక సరదా ఆనవాయితీ ఉంది. 1912 ఫ్రెంచ్ సినిమాలో వాల్జాన్‌గా వేసిన ఆన్రి క్రౌస్, 1934లో బిషప్‌గా వేశాడు. 1985 లండన్ మ్యూజికల్‌లో వాల్జాన్‌గా పాడిన కోమ్ విల్కిన్సన్, 2012 సినిమాలో బిషప్ అయ్యాడు. మనకీ ఈ కథ కొత్తేం కాదు. 1950లో చిత్తూరు నాగయ్యతో 'బీదలపాట్లు' వచ్చింది, 1972లో ఎస్వీ రంగారావుతో అదే పేరు మీద విఠలాచార్య మళ్లీ తీశారు. దయ్యాలూ మంత్రాల విఠలాచార్యే!

వదిలేసిన వాటిలో నాకు లోటనిపించేది, క్షమాపణ తర్వాతి ఘట్టం. బిషప్ ఇంటినుంచి వెళ్లిన వాల్జాన్ దారిలో జెర్వే అనే పిల్లాడి నాణెం మీద కాలేసి లాగేసుకుంటాడు. ఆ తర్వాతే కుప్పకూలి ఏడుస్తాడు. 2012 సినిమాలో ఇది లేదు, అందుకే మార్పు మరీ సులువుగా జరిగిపోయినట్టుంటుంది. డెరెక్ జాకోబీ బిషప్‌గా వేసిన 2018 బీబీసీ సీరియల్‌లో మాత్రం ఉంది.

హ్యూగోకి చర్చి పెద్దలంటే పెద్ద గౌరవం లేదు. ఆదర్శ పురుషుడిగా మతగురువు ఎందుకని కొడుకు షార్లే అభ్యంతరపెట్టాడు. అటు చర్చి కూడా సంతోషించలేదు, 1864లో నవలని నిషిద్ధ పుస్తకాల జాబితాలో చేర్చింది.

అంత లావు పుస్తకం చూసి టెన్షన్ పడకండి. మొదటి భాగం ఒక్కటే చదవండి. వాల్జాన్ వచ్చి తలుపు తట్టగానే ఆపేసినా సరే.