గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చున్నారు?

మొన్న మార్కెట్ పడింది. విదేశీ ఇన్వెస్టర్లు వేల కోట్లు వెనక్కి తీసుకున్నారని సాయంత్రం వార్తల్లో చెప్పారు. అంతే, మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి మెసేజ్: "అయితే కియా కూడా మూట సర్దుకుంటుందా?" బాబాయ్, ఈ వీడియో నీ కోసమే.

షేర్లు అమ్ముకుని పోయినవాళ్లు వేరు, పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ కట్టిన కొరియా కియావాళ్లు వేరు. మొదటిది ఎఫ్‌పీఐ, అంటే షేర్లు కొని ఊరుకునే విదేశీ పెట్టుబడి. రెండోది ఎఫ్‌డీఐ, అంటే వ్యాపారంలోనే దిగే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి. లిస్టయిన కంపెనీలో విదేశీ ఇన్వెస్టర్ వాటా 10 శాతం, ఆపైన ఉంటే మన రూల్స్ ప్రకారం ఎఫ్‌డీఐ, అంతకంటే తక్కువైతే ఎఫ్‌పీఐ. పరీక్ష రాసేవాళ్లకి ఇది చాలు. కానీ ఆ 10 అనే అంకె వెనక దాక్కున్న ప్రశ్న ఒకటుంది. గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారు?

మీ ఊళ్లో పెసరట్టుకి, అల్లం చట్నీకి పేరుపడ్డ టిఫిన్ హోటల్ ఒకటి ఉందనుకోండి. ఓనరుగారికి పక్క జిల్లా నుంచి కూడా సంపాదించాలని ఉంది. అక్కడెవరికైనా డబ్బు వడ్డీకి ఇవ్వొచ్చు. చట్నీని డబ్బాల్లో పెట్టి బస్సులో పంపొచ్చు. బోర్డు, చట్నీ పాళ్లు ఎవరికైనా ఇచ్చి నెలకింత అని తీసుకోవచ్చు. లేదా తనే వెళ్లి బ్రాంచి తెరిచి, గల్లా దగ్గర సొంత మనిషిని కూర్చోబెట్టొచ్చు.

ఈ నాలుగోదే ఎఫ్‌డీఐ, తలనొప్పి ఎక్కువా దీంతోనే. ఊరు కొత్త, కూరగాయల మార్కెట్ కొత్త, ఎవర్ని నమ్మాలో తెలియదు. అక్కడి పాత హోటల్‌వాడికి ఈ బాధలేవీ లేవు. అయినా ఈయన వెళ్తున్నాడంటే కారణం ఏమై ఉంటుంది?

1960లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో స్టీఫెన్ హైమర్ అనే కెనడా కుర్రాడు తన థీసిస్‌లో పట్టుకున్నది సరిగ్గా దీన్నే. వడ్డీ ఎక్కడ ఎక్కువ వస్తే డబ్బు అక్కడికి పోతుంది, అంతే అని అప్పటిదాకా అనుకునేవాళ్లు. మరి అమెరికా కంపెనీలు యూరప్‌కి పోతున్న రోజుల్లోనే యూరప్ కంపెనీలు అమెరికాకి ఎందుకొచ్చాయి? పరాయి దేశానికి వెళ్లి, అక్కడి బ్యాంకుల్లోనే అప్పు ఎందుకు తీసుకున్నాయి? వడ్డీ లెక్కతో దీనికి జవాబు రాదు. కంపెనీ దేశం దాటించేది డబ్బుకన్నా ముందు తన పెత్తనాన్ని అన్నాడు హైమర్. పాపం, 1974లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, 39 ఏళ్లకే. థీసిస్ పుస్తకంగా వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకి.

సరే, పాళ్లు అమ్ముకోవచ్చు కదా, వెళ్లడమెందుకు? అమ్మి చూడండి. ముందు చెబితేగానీ కొనేవాడు రేటు కట్టడు. చెప్పాక ఇంక కొనడమెందుకు? పోనీ కొన్నాడే అనుకుందాం. నెల తిరక్కుండానే చట్నీలో నీళ్లు పోస్తాడు, చెడేది ఈయన పేరు. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే. బక్లీ, కాసన్ అనే ఆర్థికవేత్తలు 1976లో దీనిమీద ఏకంగా పుస్తకమే రాశారు.

[స్క్రీన్ మీద పెనుకొండ మ్యాప్]

ఇప్పుడు కియా. 2017 ఏప్రిల్‌లో ఏపీ ప్రభుత్వంతో ఒప్పందం, సుమారు 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. చట్నీ డబ్బాలు బస్సులో పంపినట్టు కార్లు ఓడలో పంపొచ్చుగా? అప్పట్లో 40,000 డాలర్ల లోపు విదేశీ కారు మీద దిగుమతి సుంకమే 60 శాతం! అనంతపురం కరువు నేల కాబట్టి గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లు, పక్కనే హైదరాబాద్-బెంగళూరు హైవే. చెన్నై దగ్గర అన్నగారు హ్యుందాయ్ ఎలాగూ 1990ల నుంచే ఉంది. డిజైన్ ఎవరికో అద్దెకివ్వలేదు, ఇక్కడ సొంత కంపెనీ పెట్టి గల్లా దగ్గర తనే కూర్చుంది. ఇంత ఇనుము పాతినవాడు మంగళవారం మార్కెట్ పడిందని బుధవారం లారీ ఎక్కించుకుని పోలేడు బాబాయ్.

గల్లా ఒక్కరోజులో చేతికి రాకపోవచ్చు కూడా. 1982లో మారుతిలో జపాన్ కంపెనీ సుజుకికి దక్కిన వాటా 26 శాతం, పెద్ద కుర్చీ ప్రభుత్వానిదే. 1992లో అది 50 శాతానికి చేరింది. సగం దాటింది 2002లో. గల్లా పక్కన స్టూలు మీద 20 ఏళ్లు!

టైం అయిపోతోంది, మిగతాది గబగబా. డన్నింగ్ అనే ఆర్థికవేత్త ఇవన్నీ కలిపి మూడు అక్షరాలు చేశాడు, ఓఎల్ఐ. ఓ (ఓనర్‌షిప్) అంటే నీ దగ్గర చట్నీ ఉండాలి, ఎల్ (లొకేషన్) అంటే ఆ ఊరు కలిసిరావాలి, ఐ (ఇంటర్నలైజేషన్) అంటే పాళ్లు అమ్మడంకంటే నువ్వే వండుకోవడం లాభం కావాలి. మూడూ ఉంటే ఎఫ్‌డీఐ. మొదటిది మాత్రమే ఉంటే లైసెన్స్ ఇచ్చుకో, అంటే పాళ్లు అమ్ముకో.

ఇంకోటి. ఎఫ్‌డీఐ అంకె పెద్దదైతే అంతా కొత్త ఫ్యాక్టరీలే అనుకోకండి. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం తీసుకుంది. అందులో కంపెనీలోకి కొత్తగా వెళ్లింది 200 కోట్లే. మిగతాదంతా పాత వాటాదారుల జేబుల్లోకి పోయింది. గల్లా దగ్గర మనిషి మారాడు, వంటింట్లో కొత్త పొయ్యిలు కొన్నే వచ్చాయి.

మారిషస్ అంత చిన్న దేశం నుంచి అంత డబ్బెలా అని కామెంట్లలో అడుగుతూనే ఉన్నారు. చాలావరకు పన్ను ఒప్పందం మహిమ. ఆ దారిన వచ్చి షేర్లు అమ్మిన లాభం మీద ఇక్కడ పన్ను ఉండేది కాదు, 2016లో ఒప్పందం మార్చారు. ఇంకో రకం కూడా ఉంది, మన డబ్బే బయటికెళ్లి విదేశీ పెట్టుబడి పేరుతో తిరిగి రావడం. మన ఓనరుగారు తన డబ్బే పక్క ఊరి బావమరిదికిచ్చి, "మా హోటల్లో బయటివాళ్లు పెట్టుబడి పెట్టారు" అని ఊరంతా చెప్పుకున్నట్టు. లెక్కల్లో అదీ ఎఫ్‌డీఐయే, గల్లా దగ్గర మాత్రం పాత మనిషే.