రేకు విప్పి కొలవండి

(మార్చి 4, జాతీయ భద్రతా దినం సందర్భంగా వరంగల్‌లో డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, సార్లకు, మేడమ్‌లకు, పిల్లలందరికీ నమస్కారం. శాలువా తర్వాత కప్పండి సార్, ముందు మాట్లాడనివ్వండి.

భోపాల్ నుంచి మొదలుపెడదామని రాసుకొచ్చాను. 1984 డిసెంబరు 2 రాత్రి ట్యాంకులోంచి విషవాయువు తన్నుకొచ్చేసరికి దాన్ని కాల్చేయాల్సిన ఫ్లేర్ పనిచేసే స్థితిలో లేదు, దానికి పోయే పైపు తుప్పు పట్టిందని విప్పి పెట్టారు, చల్లబరిచే రిఫ్రిజిరేషన్ అయితే నెలల ముందే ఆపేశారు. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి. కానీ ముందు వరుసలో మిమ్మల్ని చూస్తుంటే నాకు మా ప్లాంటు పిల్లగాడే గుర్తొస్తున్నాడు. మీ వయసే. అతని సంగతి చెప్తాను, కాగితం పక్కన పెడుతున్నా.

ప్లాంటు పేరు చెప్పను. నేను ఇన్‌స్పెక్షన్‌లో సూపర్‌వైజర్ని. కండెన్సేట్ లైన్, అంటే ఆవిరి చల్లబడి నీరైతే ఆ నీళ్లు పోయే పైపు, నాలుగు అంగుళాలది, కొత్తప్పుడు గోడ మందం 6 మిల్లీమీటర్లు. లోపల 150 డిగ్రీల నీళ్లు, ప్రెషర్ ఉంది కాబట్టే నీళ్లుగా ఉన్నాయి, పైపు తెగితే అదే క్షణంలో ఆవిరి, మరిగే నీళ్లు కలిసి మీద పడతాయి. పైపు మీద వేడి పోకుండా రాక్‌వూల్ అనే దూది లాంటి పొర చుట్టి, దాని పైన రేకు తొడుగుతారు. కంట్రోల్ వాల్వ్ దాటాక ఒక ఎల్బో, అంటే మలుపు ముక్క, ఉంది. నీళ్లు మలుపు తిరిగేచోట గోడను కొద్దికొద్దిగా తినేస్తాయి, పక్కనున్న తిన్నని పైపు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ పిల్లగాడు కాంట్రాక్టు హెల్పర్, మంథని అవతల ఊరు. ఒకరోజు టీ టైమ్‌లో వచ్చి "సార్, గా ఎల్బో కాడ రేకు కింద తడి కనబడుతున్నది, జర చూడుండ్రి" అన్నాడు. నేను లేవలేదు. రిజిస్టర్ తీశాను. ఎల్బో, మందం 5.6 మిల్లీమీటర్లు అని ఉంది. "బానే ఉంది కదరా, వాన నీళ్లు దిగి ఉంటాయి, షట్‌డౌన్‌లో చూద్దాంలే" అన్నాను.

మూడు వారాలకు పగిలింది. అతను సరిగ్గా దాని కిందే వాల్వ్ తిప్పుతున్నాడు. వీపు, రెండు చేతులు కాలాయి. బతికాడు. కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు, అన్నం ఎడమచేత్తో తింటాడు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, 5.6 అబద్ధం కాదు. మందం కొలిచే గేజ్ కూడా బాగానే ఉంది. ఎల్బో మీద రేకు, రాక్‌వూల్ విప్పాలంటే పరంజా కట్టాలి, పర్మిట్ తీయాలి, సగం రోజు పని. పక్కన తిన్నని పైపు దగ్గర రేకుకు ముందే కోసిపెట్టిన కిటికీ ఉంది. అక్కడ జెల్ రాసి గేజ్ ప్రోబ్, అంటే పైపుకు ఆనించే కొన, పెట్టారు, అంకె వచ్చింది, ఎల్బో అని రాశారు. ఏటా అంతే. కింద సంతకం నాది.

2020 మే 7న విశాఖ దగ్గర స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు కదా. ఆ ట్యాంకులోనూ ఉష్ణోగ్రత కొలిచారు, రాశారు, కానీ కొలిచే పరికరం ఉన్నది అడుగున, వేడి పెరిగింది పైన. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రేపు మీలో కొందరు పాశమైలారమో పరవాడో ట్రైనీగా పోతారు, గేజ్ చేతికిస్తారు. ఎక్కడ కొలిచావని ఎవరూ అడగరు, మీరే రాయండి. మలుపు బయటి వంపా, లోపలి వంపా, వాల్వ్‌కు ఎంత దూరం, అన్నీ. ప్రోబ్ పెట్టిన చోట పెయింట్‌తో గుర్తు పెట్టండి. పరంజా ఇవ్వలేదా, "కొలవలేదు" అని రాయండి, భయపడకండి బిడ్డా! ఖాళీ గడి చూసి ఎవరో ఒకరు అడుగుతారు, 5.6 చూసి ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. హెల్పర్ వచ్చి తడి ఉందంటే టీ గ్లాసు అక్కడ పెట్టి పోండి, రోజూ ఆ పైపు కింద నుంచి నడిచేది అతనే.

ఈ సంచిలో ఉన్నది ఆ ఎల్బో నుంచి కోయించుకున్న ముక్క. వరుసల వెంట తిప్పండి. ఒక పక్క నుంచి మెల్లగా వేలు జరుపుకుంటూ పోండి, మందం ఎక్కడ తగ్గుతుందో మీకే తెలుస్తుంది. చివర బ్లేడులా ఉంటుంది, జాగ్రత్త.