ఉచిత డయాలసిస్‌కి అయ్యే ఖర్చు

(శ్రీకాకుళం స్టూడియోలో రికార్డు చేసిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఒక కిడ్నీ డాక్టరు, ఉద్దానంలో పనిచేసే ఆశా కార్యకర్త, డయాలసిస్ మీద ఉన్న కొబ్బరి రైతు. రైతు మాటని పుస్తకాల భాషలోకి దిద్దలేదు. దిద్దితే సగం పోతుంది.)

వ్యాఖ్యాత: కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఇవన్నీ కలిపితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస పండే నేల. అయినా బయట ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బే అంటారు. జబ్బు ఎందుకొచ్చిందన్నది ఇవాళ పక్కన పెడదాం. వచ్చాక ఇల్లెలా నడుస్తోందో మాట్లాడుకుందాం. బాబాయ్, డయాలసిస్ ఉచితమే కదా, మరి అప్పెందుకైంది?

రైతు: మిషను ఉచితమే బావూ. మిషను దగ్గరకెళ్ళడం ఉచితం కాదు కదేటి. వారానికి 3 సార్లు, ఎళ్ళినప్పుడల్లా 4 గంటలు మంచమ్మీద. ఆటోకి డబ్బులియ్యాల. దిగినాక కళ్ళు తిరుగుతాయి, తోడు మనిషి లేకపోతే కుదరదు. మా ఇంటిది జీడిపిక్కల పనికెళ్ళేది. నాతో వొచ్చిన రోజు దానికి కూలి లేదు. వారంలో మూడు రోజులు రాని మనిషిని పన్లో ఎవలుంచుతారు? మానిపించీసారు. జబ్బు నాకొక్కడికే, కూలి ఇద్దరిదీ పోనాది.

వ్యాఖ్యాత: 10,000 పింఛను వస్తోంది కదా?

రైతు: వొస్తాది, అబద్ధమాడకూడదు. ఆటోకి, బయట మందులకి, వడ్డీకి సరిపోద్ది. ఆ అప్పు ఇప్పటిది కాదు. జబ్బేటో తెలీని రోజుల్లో ఒళ్ళు నొప్పులని ఊళ్ళో సూదులేయించుకున్నాను. తరవాత విశాఖపట్నంలో పరీచ్చలు. ఆ మీదట తిత్లీ తుపాను తోటని పడగొట్టీసింది.

వ్యాఖ్యాత: 2018 అక్టోబరులో.

రైతు: అవును. మళ్ళీ నాటినా కొబ్బరి కాపుకొచ్చీసరికి ఏళ్ళు పడతాది. వడ్డీ అన్నాళ్ళు ఆగదు.

డాక్టరు: ఆ సూదుల దగ్గర ఒక్క మాట. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీ మీద భారం వేస్తాయి. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ అయితే మరీను. రోజంతా ఎండలో పనిచేసి, నీళ్ళు చాలక, రాత్రి నొప్పి బిళ్ళ వేసుకుని పడుకునేవాళ్ళు ఇక్కడ ఎంతోమంది. ఈ ప్రాంతపు జబ్బుకి ఇదే కారణమని నేననను. నీళ్ళు, మట్టి, పురుగుమందులు, ఎండ, అన్నింటి మీదా అనుమానం ఉంది, ఒక్కటే అని తేలలేదు. కానీ మానగలిగిన పని మానాలి కదా. క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, చేయించుకోకుండా నెలల తరబడి నొప్పి మందులు వాడకండి.

వ్యాఖ్యాత: పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. హిరమండలం నుంచి పైపుల్లో తాగునీళ్ళ పథకం వచ్చింది. తేడా కనిపిస్తోందా?

డాక్టరు: దూరం తగ్గింది, అది చిన్న విషయం కాదు. నీళ్ళ ఫలితం తెలియడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. ఇప్పటికే మిషను మీద ఉన్నవాళ్ళకి ఆ నీళ్ళు కిడ్నీని తిరిగి తెచ్చివ్వవు.

వ్యాఖ్యాత: చేతికి ఆ కట్టు ఏమిటి బాబాయ్?

రైతు: ఫిస్టులా. మిషను సూదులు గుచ్చడానికి చేతిలో రక్తం నరాలు రెండు కలిపి కుడతారు. మొదట మణికట్టు దగ్గర కోసి పెట్టారు, మూసుకుపోనాది. మళ్ళీ మోచేతి దగ్గర. ఈ చేత్తో బరువెత్తకూడదంట. కొబ్బరికాయలు దింపిన చెయ్యి ఇది! ఒకరోజు డయాలసిస్ అయ్యి ఆటో దిగుతూ తూలి పడ్డాను, రెండో చెయ్యి విరిగింది. అది అతికీలోగా పెరట్లో మళ్ళీ పడ్డాను.

డాక్టరు: ఇది అందరూ వినాలి. మిషను ఒంట్లో నీరు తీశాక బీపీ పడిపోవచ్చు, అందుకే వెంటనే లేవకూడదు. కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి. కిడ్నీ పాడైతే కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పి ఎముక కూడా గుల్లబారుతుంది. చిన్న పడటానికే విరగడం అందుకే. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, రక్తం తియ్యనివ్వకండి. రోజూ పొద్దున్నే దాని మీద వేలు పెట్టి చూసుకోండి. గుర్రుమన్నట్టు తగలాలి. తగలకపోతే ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

వ్యాఖ్యాత: తిండి సంగతి?

రైతు: (నవ్వి) మా ఊళ్ళో పండినవన్నీ నాకొద్దన్నారు. కొబ్బరినీళ్ళొద్దు, జీడిపప్పొద్దు, పనసొద్దు. ఇంటికొచ్చిన చుట్టానికి బొండాం కొట్టిచ్చి నాను చూస్తా కూచుంటాను.

డాక్టరు: కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. అది ఒంట్లో నిలిచిపోతే గుండె ఆగిపోవచ్చు. పుణ్యానికి బొండాం తాగించి ప్రాణం మీదకి తెచ్చే చుట్టాలున్నారు. ఇక దాహం ఉప్పుతో వస్తుంది. ఎండుచేప, ఆవకాయ తగ్గిస్తే నీళ్ళ మీద యావ దానంతటదే తగ్గుతుంది.

ఆశా కార్యకర్త: సార్, తిండి కన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ఈ మావయ్యకి ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టారు కొన్నాళ్ళు. అంటుకుంటుందని భయం. కిడ్నీ జబ్బు అంటువ్యాధి కాదని నేను గడపగడపకీ తిరిగి చెప్పాను. ఇంకా పెళ్ళిళ్ళు. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బుంటే ఆ పిల్లకి సంబంధం రాదు. అందుకని పరీక్ష చేయించుకోరు, చేయించుకున్నా కాగితం దాచేస్తారు. దాచిన కాగితంతో మందు ఎలా ఇస్తాం?

రైతు: మా పెద్దోడు చెన్నైలో ఉన్నాడు. ఫోను సేస్తే బాగున్నానంటాను. పని వొదిలి వొచ్చీగలడు. ఆడి కూలి కూడా పోతే...

ఆశా కార్యకర్త: అలా బాగున్నానని చెప్పేవాళ్ళ గురించే నా భయం. మందులు మానేసినా, మిషనుకి వెళ్ళనన్నా ఇంట్లోవాళ్ళు మాకు చెప్పాలి. మనసులో బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వ టెలి మానస్ నంబరుంది, 14416. దానికి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. మావయ్య చేత నేనే చేయించాను.

రైతు: మొదట మాటాడ్డానికి సిగ్గేసింది. తరవాత ఆగలేదు.

వ్యాఖ్యాత: చివరగా ఒక్కటి అడగమంటే ఏమడుగుతారు?

రైతు: తోడొచ్చిన మనిషి కూలి. అది ఏ లెక్కలోనూ రాదు. లేదా సాయంత్రం వంతు ఇప్పించండి, మా ఇంటిది పగలు పనికెళ్తాది.

డాక్టరు: వంతు మార్చడం డయాలసిస్ కేంద్రంలో చేతనయ్యే పనే. సాయంత్రం వంతయితే రాత్రి ఇంటికి చేరే బండి చూడాలి.

రైతు: బండి నాను చూసుకుంటాను బాబూ. ముందు వంతు మార్చండి.