నీలో రాక్షసుణ్ణి లేపమని చెప్పినోడి బాధ్యత

అందరికీ నమస్కారమండి. బరంపురంలో ఇంతమంది తెలుగోళ్ళం ఒకచోట చేరాం కాబట్టి సుత్తి లేకుండా విషయానికి వచ్చేస్తాను. 'మంచోడిగా ఉండి ఏటి సాధించావురా, నీలో ఉన్న రాక్షసుణ్ణి బయటికి తియ్యి' అనే మాట ఇప్పుడు టీ కొట్టు దగ్గరా అదే, రీల్స్‌లోనూ అదే.

సభాపర్వంలో చూడండి, రాజసూయం చూసొచ్చిన దుర్యోధనుడు అసూయతో కుమిలిపోయి నిప్పుల్లో దూకుతాను, విషం మింగుతాను అని శకుని దగ్గర ఏడ్చాడు. శకుని ఆ అసూయని కొత్తగా పుట్టించలేదు, ఉన్నదానికి జూదమని దారి చూపించాడంతే. ఆ 'అంతే' దగ్గరే నా పేచీ. మేనల్లుడు మండిపోతున్నాడు, మేనమామ చల్లగా లెక్కేసుకుంటున్నాడు, మరి ముందూ వెనకా చూడగలిగినోడు ఎవరు? అందుకే ఉసిగొల్పినోడి తప్పు సగం కాదు, ఎక్కువే అంటాను. శకునైనా ఆఖరికి యుద్ధంలో సహదేవుడి చేతిలో చచ్చాడు, ఇప్పటోళ్ళు ఆ ఛాయలకే రారు.

మా వీధిలో గోడ తగువులో తమ్ముడు అన్న చెయ్యి విరగ్గొట్టాడు. 'ఈసారి తగ్గావంటే నువ్వు మగాడివే కాదు' అని ఎక్కించిన ఫ్రెండ్‌కి స్టేషన్ వరండాలోంచి ఫోన్ మీద ఫోన్ చేశాడు, కాళ్ళకింకా సిమెంటు అంటుకునే ఉంది, అటు స్విచ్చాఫ్. పక్కన వాళ్ళమ్మ ఏ కొడుకు కోసం ఏడవాలో తెలీక కూర్చుంది.

చట్టం కూడా ఊరుకోదండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 45వ సెక్షన్ నేరానికి పురిగొల్పడం గురించే, పాత ఐపీసీలో అది 107.

కొందరు మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ పేరు చెప్పి 'నీ షాడోని, అంటే నీలో దాగిన చీకటిని, కౌగిలించుకో' అంటారు. ఆయన చెప్పింది నీలో చీకటి ఉందని ఒప్పుకోమని, దాన్ని పక్కోడి మీదకి వదలమని కాదు. కోపం ఉందని ఒప్పుకుంటే మంచిదే, అణిచిపెట్టుకుని నవ్వమని నేనూ అనను.

కాబట్టి రాత్రి పదింటికి ఎవడైనా రగిలిపోతూ మీ దగ్గరకి వస్తే ముందు అన్నం పెట్టండి, మొత్తం కక్కనివ్వండి. తర్వాత 'రేపు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి నేనూ వస్తాను, భూమి కొలిచే అమీన్‌ని పిలిపించి హద్దు కొలిపిద్దాం' అనండి, అని పొద్దున్నే నిజంగా వెళ్ళండి. అలా వెంట వెళ్ళే ఓపిక లేనప్పుడు వాడికి సలహా ఇవ్వకండి.