స్టాఫ్ బస్సులో పక్క సీటు

హోస్ట్: నమస్తే, ప్రొద్దుటూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు మనతో ఉన్న అన్న ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఏడేళ్లు బస్తాలు లారీలకు ఎక్కించి పంపే డిస్పాచ్‌లో ఉండి, కంపెనీ మారకుండానే ల్యాబ్‌లోకి వెళ్లాడు. పేర్లు వద్దన్నాడు. అన్నా, ఎవర్ని పట్టుకున్నావ్?

అతిథి: (నవ్వుతూ) మా ఇంట్లో కూడా ఇదే ప్రశ్న. ఎవర్నీ పట్టుకోలేదబ్బా. బస్సులో సీటు మారా, అంతే.

హోస్ట్: మనోళ్లకు రెకమెండేషన్ అంటే ఎమ్మెల్యే లెటరే కదా!

అతిథి: అదీ ఒకప్పుడు ప్రయత్నించాను లే, పనికాలేదు. స్టాఫ్ బస్సులో ఎవరి డిపార్ట్‌మెంట్ వాళ్లు ఒకచోట కూర్చుంటారు. ఒకరోజు మావాళ్ల దగ్గర ఖాళీ లేక ల్యాబ్ కెమిస్టు పక్కన కూర్చున్నా. డీలర్లు ఏమంటున్నారని అడిగాడు. ఒకాయన సిమెంట్ సరిగా గట్టిపడలేదంటున్నాడని చెప్పా. "ఏ వారం బస్తా?" అన్నాడు. బస్తా మీద వారం, సంవత్సరం ముద్ర ఉంటుంది కదా, నేను చూడనే లేదు. మర్నాటి నుంచి జేబులో చిన్న నోటుబుక్కు. వారం నంబరు, లారీ, డీలరు మాట, అన్నీ రాసుకున్నా.

హోస్ట్: ఉద్యోగం కోసమేనా?

అతిథి: బీఎస్సీ కెమిస్ట్రీ చదివి బస్తాలు లెక్కపెడుతున్నానని లోపల ఉండేది, అబద్ధమెందుకు. కానీ అడగలేదు. కొన్నాళ్లకు ఆయనే ల్యాబ్‌కు రమ్మన్నాడు. నీళ్లతొట్టిలో చిన్న చిన్న సిమెంట్ దిమ్మెలు, ఒక్కోదాని మీద తేదీ. పక్క ఏడు సెంటీమీటర్లు, ఇంకాస్త ఉంటుంది. కొన్నింటిని 3 రోజులకు, కొన్నింటిని 7 రోజులకు, మిగిలినవాటిని 28 రోజులకు తీసి మిషన్లో పెట్టి పగలగొడతారు. 53 గ్రేడ్ అంటే 28 రోజులకు కనీసం 53 మెగాపాస్కల్స్ ఒత్తిడి తట్టుకోవాలి. ఏడేళ్లు ఆ అంకె ఉన్న బస్తాలే లారీలకు ఎక్కించా. అది ఎక్కడి నుంచి వస్తుందో ఆరోజు చూశా.

హోస్ట్: మరి పోస్టు?

అతిథి: ల్యాబ్‌లో ఒకాయన రిటైరవుతున్నాడని నోటీసు బోర్డు కంటే నెల ముందే బస్సులో తెలిసింది. అప్లికేషన్ పెట్టినప్పుడు, "ఆ నోటుబుక్కు అబ్బాయేనా?" అన్నారంట. అక్కడిదాకా బాగుంది. మా ఇన్‌ఛార్జి దగ్గరే దెబ్బతిన్నా.

హోస్ట్: ఏమైంది?

అతిథి: నేను చెప్పేలోపే ఆయనకు క్యాంటీన్లో ఎవరో చెప్పేశారు. పిలిచి, "నేనేమన్నా పరాయివాడినా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. రెండు నెలలు రిలీవ్ చేయలేదు, ఫారం టేబుల్ మీదే ఉంది. తప్పు నాదే. మొదట వెళ్లాల్సింది ఆయన దగ్గరికే. చివరికి లారీలు తూచే వేబ్రిడ్జి పనంతా ఒక కుర్రాడికి నేర్పించి, ఒక వారం వాడితోనే నడిపించి చూపించా. అప్పుడు సంతకం పెట్టాడు.

హోస్ట్: ఇప్పుడు బస్సులో ల్యాబ్ వాళ్లతోనా?

అతిథి: లేదు, డిస్పాచ్ వాళ్ల మధ్యే. ఇప్పుడు వారం నంబర్లు నాకు కావాలి మరి.

హోస్ట్: జీతం పెరిగిందా?

అతిథి: బేసిక్ అంతే. లోడింగ్ ఇన్సెంటివ్ పోయింది. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇది తీసేయ్ తమ్ముడూ.